మెథనాల్‌లో మిగిలిన నీలం

గుంటూరు,
ఆగస్టు 14, 2000.

వదినా,

నీ ఉత్తరం చేరింది. నాలుగు పేజీలు. మూడున్నర పేజీల లేజరు, అర పేజీ ముంబయి సముద్రం. నేనెలా ఉన్నానని అడగడానికి చోటు చాలలేదు కాబోలు, కనుక నేనే చెప్పుకుంటున్నాను. మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ ల్యాబులో చేరాను. మిరప యార్డుకి దగ్గరే. పొద్దున గేటు దాటగానే మొదలయ్యే తుమ్ములు పదింటికి గాని ఆగవు.

కాయ పొడిచేసి, క్లోరోఫారంలో నానబెట్టి, బూజు విషం దిగిందో లేదో చూడటం నా పని. తడిసిన కాయకి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అని ఒకటుంటుంది. దాని చుక్క గాజుపలక మీద పెట్టి అతినీలలోహిత దీపం కింద చూస్తే నీలంగా మెరుస్తుంది. మెరిస్తే లోడు వెనక్కి, మెరవకపోతే ఓడెక్కుతుంది. నువ్వక్కడ అణువు ఎంతసేపు వెలుగుతుందా అని చూస్తుంటే, నేనిక్కడ ఏదీ వెలగకూడదు దేవుడా అని చూస్తున్నాను.

ఒక్క మాట రాయకపోతే నాకు అన్నం సయించదు. ఒకే అణువు హెక్సేన్‌లో కరిగిస్తే వెలుగుతుంది, మెథనాల్‌లో ఎందుకు వెలగదు అని ముంబయి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నిన్నడిగారు. వెలుతురు తగలగానే అణువుకి ఒక కొస ధనం, ఒక కొస రుణం అవుతాయి, మెథనాల్ అణువులు చుట్టూ మూగి మెలితిప్పి దాన్ని వెలగకుండానే కిందికి దింపేస్తాయి అన్నావు. షోలాపూర్ దాటాక రైల్లో నేను నీకు చెప్పిన జవాబది. నన్నేమో లేజరు అద్దాల గురించి అడిగారు. ఏదేదో వాగి బయటికొచ్చాను. యూనివర్సిటీ ఫస్టు నాకు, సీటు నీకు. అత్తయ్య మార్టూరంతా లడ్లు పంచింది. నాకూ రెండు పెట్టింది. చాలా బాగున్నాయి, అందుకు ఇంకా మండింది.

కుళ్ళుకుంటున్నానని నువ్వు కనిపెట్టేలోపు నేనే ఒప్పేసుకుంటున్నాను.

నీ వదిన,
వెంకటేశ్వరమ్మ


ముంబయి,
సెప్టెంబరు 10, 2000.

వదినకు,

నువ్వు కుళ్ళుకోకపోతే జ్వరమొచ్చిందేమో అనుకునేదాన్ని. మా అమ్మ, మీ నాన్న తోడబుట్టినవాళ్ళు గదా, ఆ లెక్కన మనకి తిట్టుకునే హక్కు పుట్టుకతోనే వచ్చింది. జవాబు నువ్వు చెప్పిందే, కాదనను. కానీ గుర్తుపెట్టుకున్నది నేను. నువ్వు తిండి మీద దృష్టి పెట్టి, లేజరు గురించి నేను చెప్పింది వినలేదు.

మా పని ఇదీ. ఒక చిన్న మెరుపు వెళ్ళి అణువును లేపుతుంది. ఇంకో మెరుపు రవ్వంత ఆలస్యంగా వెళ్ళి, అది ఇంకా లేచే ఉందా, దిగిపోయిందా అని చూసి వస్తుంది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక్క ముక్క పికోసెకను. మెథనాల్‌లో మా అణువు ఆరేడు ముక్కల్లో దిగిపోతుంది. హెక్సేన్‌లో వెయ్యి ముక్కలకు పైగా తీరిగ్గా కూర్చుంటుంది. అణువు ఒకటే, చుట్టూ ఉన్నవాళ్ళని బట్టి దాని బతుకు. ఈ మాట రాస్తుంటే మనిద్దరం గుర్తొచ్చాం.

అసలు సంగతికొస్తాను. ఇక్కడందరూ భౌతికశాస్త్రం వాళ్ళు. పరీక్షనాళిక పట్టుకోమంటే పాముని పట్టుకున్నట్టు పట్టుకుంటారు. కొన్న సరుకు శుభ్రంగా లేదు. ఎమ్మెస్సీలో నీ స్ఫటికాలు చూసి మేడం మమ్మల్నందరినీ తిట్టేది, గుర్తుందా? రెండు బెంజీన్ వలయాలు, మధ్యలో వంతెన, ఒక కొసన నైట్రో, ఒక కొసన ఎమినో. ఫార్ములా వెనకవైపు గీశాను. ఒక్క గ్రాము చేసి పంపవూ? నా పీహెచ్‌డీ నీ చేతిలో ఉంది.

అఖిల


గుంటూరు,
నవంబరు 20, 2000.

వదినా,

పంపుతున్నాను. దూదిలో చుట్టిన చిన్న సీసా. ఎండుమిరప తొక్కు రంగులో సూదుల్లాంటి స్ఫటికాలు. వెలుతురులో పట్టుకుని చూడు, తర్వాత మాట్లాడదాం.

మా పై అధికారి నసీమున్నీసా గారు ఆదివారాలు ల్యాబు తాళం ఇచ్చారు. "సొంత పనా?" అని అడిగారు. "మా వదిన పనండీ" అన్నాను. "అయితే సొంత పని కన్నా ఎక్కువేలే" అని నవ్వారు. ఆరు ఆదివారాలు పట్టింది. గాజుగొట్టంలో కొత్త సిలికా పొడి దట్టించి, పైనుంచి సరుకు పోసి, చెత్త పైనే ఆగిపోయి మంచిది కిందికి దిగేదాకా కూర్చున్నాను. తర్వాత వేడి ఆల్కహాల్‌లో కరిగించి మళ్ళీ స్ఫటికాలు కట్టించాను, రెండుసార్లు.

ఆ ఆరు ఆదివారాలూ నాకు హాయిగా గడిచాయి. అది చెప్పడం నాకిష్టం లేదు, అయినా చెప్తున్నాను. సీసా మూత బిగిస్తుంటే మాత్రం, నేను వెళ్ళని చోటికి ఇది వెళ్తోందే అనిపించింది. సీసా మీద అసూయపడ్డ మనిషిని నువ్వెక్కడైనా చూశావా?

వెంకటేశ్వరమ్మ


ముంబయి,
ఫిబ్రవరి 18, 2001.

వదినా,

నీ చేతులకి దండం. మా సారు సీసా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఐదు నిమిషాలు తిప్పితిప్పి చూశారు. నేను మూడు నెలలుగా తెచ్చి ఇచ్చిన గ్రాఫుల్ని అంతసేపు చూడలేదు. "ఎవరు చేశారు?" అన్నారు. వదిన అన్నాను. నీ గురించి చాలా అడిగారు. అన్నీ రాయడానికి ఇప్పుడు తీరిక లేదు.

హెక్సేన్, టోలీన్, ఎసిటోనైట్రైల్, మెథనాల్, నాలుగింటిలో కొలతలు పూర్తయ్యాయి. మొదటి వ్యాసం పంపేశాం. చివర కృతజ్ఞతల్లో నీ పేరుంది. సరుకు మొత్తం అయిపోయింది. ఇంకో నాలుగు గ్రాములు కావాలి, ఏప్రిల్‌లోగా. నువ్వు కాదనవని సారుకి చెప్పేశాను.

అఖిల


గుంటూరు,
ఏప్రిల్ 22, 2001.

అఖిలా,

వ్యాసం నకలు చేరింది. నా పేరు వెతుక్కున్నాను. ఆఖరి పేజీ, ఆఖరి పేరా, ఏసీ మరమ్మతు చేసినాయన పేరు తర్వాత దొరికింది. ఆయన ఎన్ని ఆదివారాలు కూర్చున్నాడో మరి. సొమ్మొకడిది సోకొకడిది అని నాయనమ్మ ఊరికే అనేది కాదు.

ఇక్కడ సీజను. యార్డు నిండి మిరపకాయల టిక్కీ బస్తాలు రోడ్డు మీదికొచ్చాయి. రోజుకి అరవై నమూనాలు చూస్తున్నాను. అయినా నాలుగు గ్రాములూ చేశాను. వేరే సీసాలో పంపుతున్నాను. బాగానే ఉంటుంది.

వెంకటేశ్వరమ్మ


ముంబయి,
జులై 8, 2001.

బంగారు వదినా,

కూర్చున్నావా? కూర్చో.

కొత్త సరుకు మెథనాల్‌లో వేసి కొలిచాను. ఆరేడు పికోసెకన్లకి ఆరిపోవాలి కదా? ఆరిపోయింది, కానీ పూర్తిగా కాదు. అడుగున సన్నటి నీలి వెలుగు ఒకటి మిగిలింది. వేల పికోసెకన్లు పోయినా అలాగే ఉంది. మొదట నా తప్పనుకున్నాను. అద్దాలన్నీ సరిచేసి, మెథనాల్ మార్చి, పదకొండుసార్లు కొలిచాను. పదకొండుసార్లూ ఉంది. మొదటి సరుకుతో చూసినప్పుడు మా డిటెక్టరు పాతది, అప్పుడు కనపడలేదని సారు అంటున్నారు. అణువుకి ఇంతవరకు ఎవరూ చూడని రెండో ఉత్తేజిత స్థితి ఉందట, వెలుతురు అక్కడ దాక్కుంటోందట.

సారు నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచారు వదినా. అంతకుముందు "నువ్వు" అనేవారు. డిసెంబరులో జపాన్‌లో సభ. నేను మాట్లాడాలి! అమ్మకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే రాస్తున్నాను.

అఖిల


గుంటూరు,
జులై 22, 2001.

అఖిలా,

ఇది పోస్టు చేస్తానో లేదో నాకే తెలియదు.

నీ ఉత్తరంలో "నీలి వెలుగు" దగ్గర ఆగిపోయాను. ఏప్రిల్ సరుకు చిటికెడు నా దగ్గరుంది. కరిగించి పలక మీద చుక్క పెట్టాను, పక్కన మేము పోల్చి చూసుకునే విషం చుక్క పెట్టాను. పలకని ద్రావకంలో నిలబెట్టి, చుక్కలు పైకి పాకాక దీపం కింద చూస్తే రెండు వరసల్లోనూ ఒకే ఎత్తున ఒకే నీలం. నేనేమీ చెప్పకుండా నసీమున్నీసా గారిని పిలిచాను. ఆమె దీపం పెట్టెలోకి ఇలా తొంగిచూసి అలా తల తిప్పేశారు. "బూజేనమ్మా. ఏ వ్యాపారిది? ఈ లోడు ఆపెయ్యమను" అన్నారు. పదేళ్ళుగా ఆ నీలం తప్ప ఆమె ఇంకేం చూశారు?

ఏం జరిగిందో నాకు తెలుసు. మా కంపెనీలో వాడిన సిలికాను పారెయ్యరు. మెథనాల్‌తో కడిగి డాబా మీద ఎండబెట్టి మళ్ళీ వాడతారు. మిరపకాయ పరీక్షకి అది చాలు. నీ రెండో సరుకుకి నేను దట్టించింది అదే. స్ఫటికాలు కూడా ఒక్కసారే కట్టించాను. సీజను వల్ల అని రాయబోయాను. కాదు. కృతజ్ఞతల్లో నా పేరు చూసుకున్న వారం అది. దీనికింత చాలులే అనిపించింది.

నీ అణువు మెథనాల్‌లో దాదాపు చీకటి. చీకట్లో అగ్గిపుల్ల కూడా దీపమే. లక్షలో ఒక పాలు బూజు చాలు. మీ సారు కనిపెట్టిన రెండో స్థితి గుంటూరు యార్డులో టిక్కీకి ఎంతైనా దొరుకుతుంది.

నవ్వొచ్చింది అఖిలా. ఇది చూడగానే నాకు ముందొచ్చింది నవ్వే.


గుంటూరు,
జులై 29, 2001.

వదినా,

నీ ఉత్తరానికి ముందొకటి మొదలుపెట్టాను, బాగా రాలేదు. అందుకే ఈ కార్డు. చాలా సంతోషం. జపాన్‌లో చలెక్కువట, స్వెట్టరు కొనుక్కో. అత్తయ్యకి చెప్పు, మళ్ళీ లడ్లు పంచుతుంది.

వెంకటేశ్వరమ్మ


ముంబయి,
అక్టోబరు 14, 2001.

వదినా,

ఏమైంది నీకు? రెండు ఉత్తరాలు రాశాను. నువ్వు రాసింది ఒక్క కార్డు, అందులో వెటకారం కూడా లేదు. నీ వెటకారం లేకపోతే నాకు భయమేస్తోంది.

పాస్‌పోర్టు వచ్చింది. వ్యాసం నవంబరు పదిహేనున పంపుతాం. ఒక సీనియరు మాత్రం, ఆ నీలం మలినమేమో ముందు చూడండి అన్నాడు. సారు నా వంక చూశారు. ఈ సరుకు ఎవరు చేశారో మీకు తెలియదు, ఈ చేతుల్లో మలినం ఉండదు, ఆ హామీ నాది అన్నాను. సారు సరేనన్నారు. నీ మీద పెట్టుకున్న నమ్మకం నాకు నా కొలతల మీద కూడా లేదు.

అఖిల


గుంటూరు,
అక్టోబరు 21, 2001.

అఖిలా,

దీంతోపాటు ఇంకో ఉత్తరం ఉంది. తేదీ చూడు. జులైలో రాసింది. ముందు అది చదివి తర్వాత ఇది చదువు.

చదివావా? ఇప్పుడు నన్ను ఏమన్నా అను. మూడు నెలలు అది నా ట్రంకు పెట్టెలో ఉంది. ఒకసారి పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఎస్టీడీ బూతులో నీ హాస్టలు నంబరు తిప్పి, మోగకముందే పెట్టేశాను. నువ్వు జపాన్‌లో నిలబడి గుంటూరు బూజు గురించి మాట్లాడితే, ఎవరో ఒకడు లేచి ఇది మలినం అంటే, నీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. చాలాసార్లు ఊహించుకున్నాను. అన్నం తినేటప్పుడు కూడా. నాకది బాగుండేది.

నువ్వు నన్ను తిట్టి ఉంటే ఆ ఉత్తరం ఇంకా పెట్టెలోనే ఉండేది. నా చేతుల మీద హామీ ఇచ్చానని రాశావు. దాంతో నావల్ల కాలేదు. నీ కోసం చెప్పడం లేదు, అనుకోకు. నా చేతుల కోసం చెప్తున్నాను.

వ్యాసం ఆపించు.

వెంకటేశ్వరమ్మ


ముంబయి,
నవంబరు 11, 2001.

వెంకటేశ్వరమ్మా,

వదిన అని రాయబుద్ధి కాలేదు.

నువ్వు చెప్పిందే నిజం. అణువును లేపే కాంతి రంగు మారుస్తూ చూస్తే తేలిపోయింది, ఆ నీలం మా అణువుది కానే కాదు. ఒక్క పూట పని. నాలుగు నెలల క్రితం చెయ్యాల్సింది. నేనే సారు గదికి వెళ్ళి చెప్పాను. వ్యాసం ఆగిపోయింది, జపాన్ పోయింది. ఆయన కేకలేస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "వెళ్ళమ్మా" అన్నారు. మళ్ళీ నా పేరు లేదు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్టాను, చింపేశాను. ఎందుకంటే నా దగ్గరా ఒకటుంది. నువ్వడిగినా అడగకపోయినా చెప్తాను, లేకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

నీ మొదటి సీసా చూసినప్పుడు సారు నీ గురించి అడిగారని ఫిబ్రవరిలో రాశాను కదా. అడిగింది ఇదీ: "ఆమెని ఇక్కడికి రమ్మనగలవా? ప్రాజెక్టులో ఒక ఖాళీ ఉంది. తర్వాత పీహెచ్‌డీకి రాసుకోవచ్చు." తనకి పెళ్ళి కుదిరిందండీ, రాదు అన్నాను. ఆలోచించి కూడా అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆయన సీసా చూసిన చూపు నేను చూశాను. నువ్వొస్తే నేనెవరిని? రైల్లో విన్న జవాబు అప్పజెప్పిన పిల్లనని రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోదూ? జూన్‌లో ఆ ఉద్యోగం వేరే అమ్మాయికి ఇచ్చారు.

ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే కుళ్ళుకుంటున్నానని రాసుకున్నావు.

అఖిల


గుంటూరు,
డిసెంబరు 2, 2001.

అఖిలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెళ్ళి కుదిరిందా! పెళ్ళికొడుకు ఎవరో కూడా చెప్పాల్సింది, మా నాన్న శ్రమ తప్పేది.

చెల్లుకు చెల్లు అనుకుందామని చాలా చూశాను. కుదరడం లేదు. నేను మూడు నెలలు దాచాను, నిజమే, కానీ నీ వ్యాసం ఇంకా మీ బల్ల మీద ఉండగానే చెప్పాను. నువ్వేమో వాళ్ళు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశాక, అదీ నేను చెప్పాక చెప్పావు. నాది ఆపగలిగే తప్పు. నీది ఆపేసిన బతుకు. ఈ తేడా నువ్వు తెలుసుకోవాలి. నేనూ రోజూ తెలుసుకుంటున్నాను. పలక దీపం కింద పెట్టినప్పుడల్లా, ఇప్పుడు నేను ముంబయిలో ఉండాల్సింది అనుకుంటున్నాను. కళ్ళలో కారం పడిందని నసీమున్నీసా గారితో చెప్తున్నాను. ఇక్కడ ఆ అబద్ధం ఎవరైనా నమ్ముతారు.

మూడో సీసా పంపుతున్నాను. కొత్త గొట్టం, కొత్త సిలికా, స్ఫటికాలు మూడుసార్లు. దీపం కింద చుక్క పెట్టి చూశాను, నీలం లేదు. ఇది నీ మీద ప్రేమతో అనుకోకు. నా సరుకు చెడ్డదనే మాట ఆ ల్యాబులో మిగలకూడదు. దీంతో కొలిచి రాసే వ్యాసంలో నా పేరు పైన ఉండాలి, రచయితల్లో. కృతజ్ఞతలు నాకక్కర్లేదు.

వెంకటేశ్వరమ్మ


ముంబయి,
ఫిబ్రవరి 21, 2002.

వదినా,

మూడో సీసా కొలిచాను. కొలిచే ముందు నేనేం కోరుకున్నానో చెప్పనా? ఇందులోనూ ఆ నీలం కనపడాలని. నువ్వు రెండోసారి తప్పు చేసి ఉండాలని. అలా కోరుకుంటూనే అద్దాలు సరిచేశాను. కనపడలేదు. ఆరున్నర పికోసెకన్లలో మొత్తం ఆరిపోయింది, తర్వాత ఏమీ లేదు. అంత శుభ్రమైన చీకటి ఈ ల్యాబులో ఎవరూ చూడలేదట. సారు ఆ గ్రాఫు గోడకి అంటించారు. వ్యాసం మామూలుదే, జపాన్ పిలిచేంతది కాదు. పైన మూడు పేర్లున్నాయి. నీది రెండోది.

సారుకి అంతా చెప్పాను. నువ్వు దాచింది, నేను దాచింది కూడా. ఆయన వెళ్ళి గోడ మీది గ్రాఫు ఒకసారి చూసుకున్నారు. తర్వాత, "మా లేజరు పదకొండుసార్లు చూసి పోల్చుకోలేనిది ఆమె ఒక దీపంతో పోల్చింది. పెళ్ళి అయిందా, లేదా?" అన్నారు. లేదన్నాను. ఆ మాట చెప్తుంటే నాకు ఎంత కష్టమైందో దేవుడికి తెలుసు.

జూన్‌లో చేరిన అమ్మాయికి లెక్చరర్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ ఖాళీకి ప్రకటన నోటీసు బోర్డులో పెట్టారు. ఒక కాపీ ఇచ్చి నీకు పంపమన్నారు సారు. ఇచ్చింది సోమవారం, ఇవాళ గురువారం. మూడు రోజులు అది నా నోటుపుస్తకంలోనే ఉంది. మంగళవారం పోస్టాఫీసు దూరమనిపించింది. బుధవారం నువ్వెలాగూ రావనిపించింది. ఇవాళ పొద్దున ఆఖరు తేదీ చూశాను. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

నువ్వొస్తే నాకు బాగుండదు. రోజూ బాగుండదు. అయినా ఈ కవరులో ప్రకటన ఉంది, దరఖాస్తు ఫారం ఉంది. మనసు మళ్ళీ మారకముందే స్పీడుపోస్టు చేసేస్తున్నాను. నువ్వు కూడా ఆలస్యం చెయ్యకు.

అఖిల